ఎనభైల పాటల వెనక ఓ వలస గొంతు

ఎనభైల మొదట్లో పాటలంటే ఆస్ట్రేలియా వాళ్లకి ఇప్పటికీ హుషారే. మెన్ ఎట్ వర్క్, ఎయిర్ సప్లై అంటూ లిస్టు చదివేస్తారు. అన్నిటికన్నా గట్టిగా మోగిన పేరు మాత్రం ఏసీ/డీసీ. సైట్లో పక్కవాడి రేడియోలో, పబ్బు ముందు నుంచి నడుస్తుంటే, ఎక్కడో ఓ చోట మన చెవిన పడాల్సిందే. ఘంటసాల, బాలు పాటలతో పెరిగిన మనకి ఆ అరుపులు వెంటనే ఎక్కవనుకోండి. కానీ ఆ బ్యాండు పాటగాడు బాన్ స్కాట్ కథ వింటే మాత్రం మనవాడే కదా అనిపిస్తుంది.

అసలు పేరు రోనాల్డ్. 1946లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. కిరిమ్యూర్ అనే చిన్న ఊళ్లో వాళ్లది బేకరీ కుటుంబం. 1952లో, చిన్న వయసులోనే, అమ్మానాన్నలతో మెల్‌బోర్న్ చేరాడు. అప్పట్లో బ్రిటన్ వాళ్లలో పెద్దలు 10 పౌండ్లు కడితే ఓడెక్కించి తీసుకొచ్చేవారు. మన రంగువాళ్లకి మాత్రం 1973 దాకా ఆ తలుపు మూసే ఉంది, అది వేరే కథ.

తెల్లవాడైనా యాస తప్పలేదు. బడిలో పిల్లలు వాడి మాట విని ఏడిపించేవాళ్లు. క్లాసులో ఇంకో రోనాల్డ్ ఉండటంతో, స్కాట్లాండ్‌ని ముద్దుగా పిలిచే 'బానీ స్కాట్లాండ్' నుంచి 'బాన్' అని తగిలించారు. ఆ వెక్కిరింత పేరే చివరిదాకా ఉంచుకున్నాడు.

1956లో కుటుంబం పెర్త్ పక్కన ఫ్రీమాంటిల్‌కి మారింది. అక్కడి స్కాటిష్ పైప్ బ్యాండులో నాన్నతో పాటు డ్రమ్ము వాయించేవాడు. 15 ఏళ్లకే చదువు మానేశాడు. పొలం పని చేశాడు, సముద్రంలో రొయ్యల వేటకెళ్లాడు, తూకం మిషన్లు బాగుచేయడం నేర్చుకున్నాడు, ఉత్తరాలు పంచాడు. బుద్ధిమంతుడేం కాదు. పోలీసులకి దొంగ పేరు చెప్పడం, పెట్రోలు దొంగతనం లాంటి కేసుల్లో కొన్ని నెలలు పిల్లల జైల్లో కూడా ఉన్నాడు. 1974లో అడిలైడ్‌లో మోటార్ సైకిల్ ప్రమాదమై చావు తప్పించుకున్నాడు. అప్పటికి వయసు 27.

ఆ ఏడాదే ఏసీ/డీసీలో చేరాడు. ఆ బ్యాండు పెట్టిన యంగ్ అన్నదమ్ములు కూడా స్కాట్లాండ్ నుంచి 1963లో సిడ్నీకి వచ్చినవాళ్లే. వాళ్ల అన్న జార్జ్‌కి ఓ ఆలోచన వచ్చింది. బాన్ పైప్ బ్యాండులో ఉన్నాడు కదా, పాటలో బ్యాగ్‌పైప్ పెడదాం అన్నాడు. తీరా చూస్తే బాన్ వాయించింది డ్రమ్మే, పైప్ రాదు! అయినా వెనక్కి తగ్గలేదు, కొనుక్కుని నేర్చేసుకున్నాడు. 1976 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో లారీ మీద ఊరేగుతూ ఆ పాట వీడియో తీశారు. ఏ యాసని చూసి నవ్వారో, ఆ దేశపు వాద్యమే నడివీధిలో మోగింది. పైకి రావడం ఎంత దూరమో చెప్పే పాట అది. ఆ వీధిలో ట్రామ్ దిగే మనవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

1979లో 'హైవే టు హెల్' ఆల్బమ్‌తో అమెరికా తలుపు తెరుచుకుంది. ఇక అందుకోవడమే తరువాయి. అంతలోనే 1980 ఫిబ్రవరి 19న, లండన్‌లో రాత్రంతా తాగి, ఆగి ఉన్న కారులో నిద్రపోయినవాడు మళ్లీ లేవలేదు. 33 ఏళ్లు. మన దగ్గర 'శంకరాభరణం' విడుదలైంది కూడా ఆ నెలలోనే. అస్థికలు ఫ్రీమాంటిల్ చేరాయి.

బ్యాండు మూసేద్దామనుకున్న కుర్రాళ్లకి ధైర్యం చెప్పి పాడమన్నది బాన్ తల్లిదండ్రులే. కొడుకుని పోగొట్టుకున్నవాళ్లు ఆ మాట అనడం మామూలు విషయమా? బ్రయాన్ జాన్సన్ అనే కొత్త గొంతుతో జూలైలోనే 'బ్యాక్ ఇన్ బ్లాక్' వచ్చింది. అట్ట మొత్తం నలుపు, మొదటి పాట గంట మోతతో మొదలు. అదంతా బాన్ కోసమే. అమెరికాలోనే రెండున్నర కోట్ల కాపీలు దాటింది. వింతేమిటంటే, బాన్ 1976లో పాడిన పాత ఆల్బమ్‌ని 1981లో అమెరికాలో విడుదల చేస్తే అక్కడ మూడో స్థానానికి ఎగబాకింది. మనిషి లేకుండానే హిట్లు వచ్చాయి.

పెర్త్‌లో ఉన్నవాళ్లకి ఫ్రీమాంటిల్ రైల్లో అరగంట. ఫిషింగ్ బోట్ హార్బర్ దగ్గర 2008లో పెట్టిన విగ్రహం ఉంటుంది. శ్మశానంలో సమాధి దగ్గరకి ఇప్పటికీ అభిమానులు వస్తూనే ఉంటారు. 2016లో కిరిమ్యూర్‌లో కూడా విగ్రహం పెట్టారు. చిన్నప్పుడే వదిలి వెళ్లిన ఊళ్లో, చంకలో బ్యాగ్‌పైప్‌తో నిలబడి ఉన్నాడు.