కంపనాల లెక్క కట్టిన ఆచార్యుడు – సూరి భగవంతం

ఆచార్య సూరి భగవంతం గారి పేరు చెప్పగానే పెద్దలు వారి పదవులను ఏకరువు పెడతారు. 1952 నుండి 1957 వరకు, ఉర్దూ మాధ్యమంతో 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. పిమ్మట బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు సంచాలకులు. 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. పదవులకంటె వారి కృషియే చిరకాలం నిలిచినదని మేము విద్యార్థులకు మనవి చేయదలచాము.

వారు 1909లో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. గుడివాడలో పాఠశాల విద్య, హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రత పొందారు. 1928లో కలకత్తా చేరి సర్ సి.వి. రామన్ గారి శిష్యులయ్యారు. కాంతికణానికి భ్రమణ లక్షణమున్నదని 1931లో గురుశిష్యులు ప్రయోగపూర్వకంగా చూపారు. 1932లో భగవంతం గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు.

స్ఫటికంలోని పరమాణువులు నిరంతరం కంపిస్తూ ఉంటాయి. ఆ కంపనాలు ఎన్ని విధాలు? వాటిలో రామన్ కాంతికి కనిపించేవి ఎన్ని? ఈ ప్రశ్నలకు స్ఫటికపు సౌష్ఠవమే సమాధానం చెప్పగలదు. అణువుల విషయంలో విగ్నర్ 1930లో చూపిన సమూహ సిద్ధాంత మార్గాన్ని భగవంతం గారు, వెంకటరాయుడు గారు స్ఫటికాలకు విస్తరింపజేశారు. 1948లో ఇరువురి గ్రంథం వెలువడింది.

స్ఫటికపు స్థితిస్థాపకతను వర్ణించడానికి సాధారణంగా 21 సంఖ్యలు కావాలి. ఘన సౌష్ఠవం గల వజ్రానికి మూడే చాలు. వజ్రపు పలక ఏ పౌనఃపున్యాల వద్ద అనునాదం పొందుతుందో తెలిస్తే, దాని మందాన్ని బట్టి ధ్వనివేగమూ, సాంద్రతను బట్టి స్థితిస్థాపకతయూ తేలుతాయి. అనునాదమే ఆధారంగా భగవంతం, భీమసేనాచార్ గార్లు వజ్రపు మూడు సంఖ్యలను కొలిచి 1946లో ప్రకటించారు.

భగవంతం గారు 1989లో కన్నుమూశారు. రెండేండ్లకు, 1991లో, జపానులో ఇజిమా కార్బన్ నానోట్యూబులను వర్ణించారు. అదీ వజ్రం వలె కేవలం కార్బనమే. వ్యాసం మాత్రం తలవెంట్రుక మందంలో సుమారు లక్షవ వంతు. రెండు కొసలా బిగిస్తే అది వీణతంత్రి వలె కంపిస్తుంది. దానిపై ఒక అణువు వాలితే బరువు పెరిగి పౌనఃపున్యం తగ్గుతుంది. ఈ ఉపాయంతో 2012 నాటికి ఒక ప్రోటాను బరువంత సూక్ష్మమైన తేడాను గుర్తించగలిగారు.

ఈ నాళానికి సైద్ధాంతిక నమూనా కట్టేవారు నేటికీ వాల్తేరులో వినిపించిన ప్రశ్నలనే వేస్తారు: సౌష్ఠవం ఏ కంపనాలను అనుమతిస్తుంది? ఏవి రామన్ కాంతికి కనిపిస్తాయి? ఊపిరి పీల్చి వదిలినట్లు నాళం ఉబ్బి తగ్గే కంపనం అలా కనిపించేదే. నాళం లావైన కొద్దీ దాని పౌనఃపున్యం తగ్గుతుంది. కనుక వ్యాసాన్ని అదే చెబుతుంది.

ప్రయోగశాలలో పరికరాలు చాలవని మన విద్యార్థులు నిరాశపడడం మేము ఎరుగుదుము. ఆ కొరత నిజమే. దానిని తీర్చడం పెద్దల బాధ్యత. అయితే సౌష్ఠవాన్ని లెక్కించడానికి కాగితమూ కలమూ చాలును. గుడివాడ బడిలో చదివిన బాలుడు ఆ లెక్కతోనే లోకానికి పనికివచ్చే దారి వేశాడు. ఆ గ్రంథాన్ని మన గ్రంథాలయంలో చేర్చవలసినదిగా కళాశాల సంఘాన్ని, దానిని తెరచి చూడవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము.