ఎడ్స్గర్ డైక్‌స్ట్రా – పేరుకు చిరునామా వెతికిన మేధావి

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమన్నారు. అంబేద్కర్, ఫూలే గార్ల గురించి మనవాళ్లు ఏటా చక్కగా రాస్తూనే ఉన్నారు. నేను ఎం.సి.ఎ. చదువుతున్నాను కాబట్టి మా క్లాసులో రోజూ వినపడే పేరు ఒకటి ఎంచుకున్నాను.

డైక్‌స్ట్రా గారు 1930 మే 11న నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రజ్ఞుడు, తల్లి గణితం చదివినామె. లా చదివి ఐక్యరాజ్య సమితిలో తన దేశం తరఫున పనిచేయాలని ఆయన చిన్ననాటి కోరిక. చివరికి లైడెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో చేరారు. 1951లో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో ప్రోగ్రామింగ్ కోర్సు చేశారు. 1952 నుండి ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రంలో ప్రోగ్రామరుగా పనిచేశారు.

1957లో పెళ్లి చేసుకున్నప్పుడు రిజిస్టరులో వృత్తి దగ్గర ప్రోగ్రామర్ అని రాయమంటే అధికారులు ఒప్పుకోలేదు. అలాంటి వృత్తే లేదన్నారు. చివరకు సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త అని రాయించారు. ఇది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కడినే. నేనేం చదువుతున్నానని చుట్టాలు అడిగితే మా అమ్మ ఇప్పటికీ కంప్యూటర్ రిపేర్ అనే చెబుతుంది.

రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి కనుక్కునే పద్ధతిని 1956లో కాఫీ హోటల్లో కూర్చుని, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో ఆలోచించారు. ఆ సంగతి చాలామందికి తెలుసు. నేను చెప్పదలచుకున్నది 1960లో ఆయన చేసిన పని.

ఆ ఏడాది ఆల్గాల్ 60 అనే కొత్త కంప్యూటర్ భాష వచ్చింది. అందులో ఒక భాగం లోపల మరో భాగం రాయవచ్చు, ప్రతి భాగానికీ సొంత పేర్లు పెట్టుకోవచ్చు. మన రూములో రాజు అని పిలిస్తే ముందు రూములోని రాజు పలుకుతాడు. రూములో రాజు లేకపోతే హాస్టల్లో, అక్కడా లేకపోతే ఊళ్లో వెతుకుతాం. రూములో రాజు ఉండగా ఊళ్లో రాజుకు ఆ పిలుపు అందదు. ఈ వెతుకులాట వరుసనే ఇప్పుడు స్కోప్ చైన్ అంటున్నారు.

చిక్కు ఎక్కడంటే, ఒక చోట రాసిన ఫంక్షన్‌ను ఇంకో చోటి నుండి పిలుస్తారు. మన గంభీరావుపేట పిల్లవాడు కరీంనగర్ పోయి డ్యాం అన్నాడనుకోండి. వాడి మనసులో ఉన్నది నర్మాల దగ్గరి ఎగువ మానేరు. వినేవాడికి తోచేది దిగువ మానేరు. వాడు పుట్టిన చోటును బట్టి అర్థం చెప్పుకోవాలా, నిలబడ్డ చోటును బట్టా? ఆల్గాల్ నియమం ప్రకారం పుట్టిన చోటే, అంటే ఫంక్షన్ రాసిన చోటే లెక్క.

నియమం కాగితం మీద తేలికే, యంత్రం చేత చేయించడమే కష్టం. పైగా ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవచ్చు, పిలిచిన ప్రతిసారీ దాని పేర్లకు వేరే చోటు కావాలి. డైక్‌స్ట్రా గారు మన మెస్సులో పళ్లేలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఆ చోట్లను పేర్చారు. దాన్నే స్టాక్ అంటారు. ప్రతి పళ్లేనికీ రెండు గుర్తులు పెట్టారు. పని అయ్యాక ఎవరి దగ్గరికి తిరిగి పోవాలో ఒకటి చెబుతుంది. పేరు దొరకకపోతే ఎక్కడ వెతకాలో రెండోది చెబుతుంది. ఇదంతా 1960లోనే రికర్సివ్ ప్రోగ్రామింగ్ అనే వ్యాసంలో రాశారు. జోనెవెల్డ్ అనే సహచరునితో కలిసి ఎక్స్1 అనే యంత్రానికి తయారుచేసిన ఆల్గాల్ కంపైలర్ ఆ ఆగస్టులోనే పనిచేసింది. అది అయ్యేదాకా ఇద్దరూ గడ్డం గీయకూడదనుకున్నారట. పని అయ్యాక జోనెవెల్డ్ గీసుకున్నారు, ఈయన జీవితాంతం ఉంచుకున్నారు.

ఈ రెండో గుర్తు విలువ నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. ప్రాజెక్టు కోసం ఒక చిన్న స్క్రిప్టింగ్ భాషకు ఇంటర్‌ప్రెటర్ రాశాను. రెండు గుర్తులకు బదులు ఒక్కటే పెట్టాను, అదీ పిలిచినవాడి వైపు. ఒక్కొక్క ఫంక్షన్ విడిగా నడిపితే సరిగ్గానే వచ్చేది. రెండూ కలిపితే ఒకదాని లెక్క ఇంకోదాంట్లో తేలేది. వారం రోజులు నిద్ర లేదు. ఆ వ్యాసంలో రెండు గుర్తుల సంగతి చదివాక దిద్దింది నాలుగే లైన్లు.

అయితే స్టాకుతో అన్నీ తీరవు. ఫంక్షన్ తన లోపలి ఫంక్షన్‌ను బయటికి ఇచ్చి తాను ముగిసిపోతే, పళ్లెం తీసేశాక దాని పేర్లు ఎక్కడ దొరుకుతాయి? దీనికి 1964లో పీటర్ లాండిన్ క్లోజర్ అనే ఆలోచన చెప్పారు. ఇవాళ జావాస్క్రిప్ట్ వంటి భాషలు నడిచేది ఈ దారినే. బ్యాష్ మాత్రం ఇప్పటికీ పిలిచిన చోటునే చూస్తుంది.

డైక్‌స్ట్రా గారు 1962లో ఐండ్‌హోవెన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1972లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. 1984లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఇంకుపెన్నుతో రాసి, నంబరు వేసి మిత్రులకు పంపిన వ్యాసాలు 1300 దాటాయి. 2002 ఆగస్టు 6న స్వదేశంలో, న్యూనెన్‌లోని సొంత ఇంట్లో క్యాన్సరుతో కన్నుమూశారు.

నా ఇంటర్‌ప్రెటర్‌లో క్లోజర్ల పని ఇంకా మిగిలే ఉంది. సెలవులకు వచ్చినప్పుడు ఆ రెండు గుర్తుల బొమ్మ స్టడీ హాలు బోర్డు మీద వేసి చూపిస్తాను. తమ్ముళ్లు చాక్‌పీసులు దాచి ఉంచగలరు.