రుద్రమదేవి: పుట్టుక, పదవి

ఆడుబిడ్డగానో మగబిడ్డగానో జన్మించుట ప్రకృతి ధర్మము. ఈ పని పురుషునిది, ఆ పని స్త్రీది అని విభజించుట సంఘము చేసికొన్న ఏర్పాటు. మొదటిది దేహమునకు సంబంధించినది; రెండవది దేశకాలములను బట్టి మారునది. ఈ భేదమును గ్రహించుటకు కాకతి రుద్రమదేవి జీవితము చక్కని నిదర్శనము.

ఓరుగల్లు నేలిన గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. సింహాసనము పురుషులదే యని నాటి లోకము నమ్మెను. గణపతిదేవుడు లోకుల నమ్మకమును మార్చ బూనలేదు. కుమార్తె పేరునే మార్చెను. ఆమెకు రుద్రుడను పేరిడి పుత్రునిగా భావించెనని విద్యానాథుని ప్రతాపరుద్రీయము వలన తెలియుచున్నది.

1262 ప్రాంతమున రాజ్యభారము ఆమెపై బడెను. పెక్కు శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజు. పురుషవేషముతో కొలువుదీరెడి దని ప్రతీతి. ఐనను ఆమె నిడదవోలు చాళుక్య రాకుమారుడగు వీరభద్రుని ఇల్లాలు, కుమార్తెలకు తల్లి. పేరును వేషమును మారినవి గాని దేహము మారలేదు. పరిపాలనకు అది మారవలసిన అవసరమును కలుగలేదు.

దేవగిరి యాదవరాజు మహాదేవుడు ఆమెతో యుద్ధము చేసెను. స్త్రీ యగుటచే ఆమెను విడిచిపెట్టెనని యాదవుల ప్రశస్తి చెప్పుకొన్నది. కాని బీదరు కోటలోని శాసనము ఆమె సామంతుని అధికారము అచటికి వ్యాపించినట్లు చూపుచున్నది. మోటుపల్లి సీమను వర్ణించిన మార్కో పోలో ఆమె న్యాయపాలనను మెచ్చుకొనెను. కాని ఆమెను గతించిన రాజు భార్యగా పొరబడెను. కుమార్తె తండ్రికి వారసురాలగుట ఆతని ఊహకు అందలేదు కాబోలు.

నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనము కలదు. రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకము చేరిరని, వారి పుణ్యార్థము భూదానము చేయబడెనని అందున్నది. దానిని వేయించినవాడు ఒక సామాన్య సేవకుడు. బిరుదుపేరు గాక ఆమె స్వంతపేరే ఆ రాతిపై నిలిచెను. ఆమె తరువాత రాజ్యము కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రునకు చెందెను.

ధైర్యముగల బాలికను మనము నేటికిని మగరాయుడని మెచ్చుకొందుము. అది మెప్పువలె వినబడును గాని, ధైర్యము మగవారి సొత్తను పాత నమ్మకమే అందు దాగియున్నది. గణపతిదేవుడు చేసినదియు అదియే. ఆతనికి సింహాసనము కాపాడుకొనవలసిన అవసరముండెను. పాఠశాలలో మనకు ఆ అవసరము లేదు. ధైర్యముగల బాలికను ధైర్యముగల బాలిక యనియే పిలువవచ్చును.