కొడుకు చేతిని దోమలకు అప్పగించిన డాక్టర్

సెలవులకు విదేశం వెళ్లొచ్చిన వారానికి పిల్లాడికి జ్వరం వచ్చిందనుకోండి. డాక్టర్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఎక్కడికి వెళ్లొచ్చారని. 130 ఏళ్ల క్రితం లండన్‌లో పరిస్థితి వేరు. అక్కడి మెడికల్ కాలేజీల్లో ఉష్ణదేశాల జబ్బుల గురించి పెద్దగా చెప్పేవారే కాదు. ఓడ దిగి వచ్చిన నావికుడు చలితో వణుకుతుంటే, ఆ జ్వరం ఎలా అంటుకుందో ఎవరికీ తెలియదు. చెడు గాలి వల్ల వస్తుందని చాలామంది నమ్మేవారు.

ఆ నావికుల రక్తాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన డాక్టర్ పేరు పాట్రిక్ మాన్సన్. 1844లో స్కాట్లాండ్‌లో పుట్టారు. చదువయ్యాక 20 ఏళ్లకు పైగా తైవాన్, చైనా, హాంకాంగ్‌లలో పనిచేశారు. మన దగ్గర బోదకాలు అంటామే, దాని పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని 1877లో చైనాలోని అమోయ్‌లో కనిపెట్టింది ఈయనే. అయితే ఆ దోమ నీళ్లలో పడి చస్తుందని, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందని అనుకున్నారు. పెద్ద పొరపాటే. ఇలాంటివి పిల్లల పాఠాల్లో కనిపించవు.

లండన్ తిరిగొచ్చి 1892లో నావికుల ఆసుపత్రిలో చేరారు. రెండేళ్లకు, సెలవు మీద ఇండియా నుంచి వచ్చిన ఒక మిలిటరీ డాక్టర్ ఆయన్ను కలిశాడు. మలేరియా క్రిమి నిజంగా ఉందా అన్న అనుమానం అతనిది. మాన్సన్ వాదించలేదు, రోగి రక్తంలో ఆ క్రిమిని చూపించారు. దోమలే దీన్ని మోస్తున్నాయేమో చూడమని చెప్పి పంపారు. ఆ డాక్టర్ రొనాల్డ్ రాస్. తర్వాత ఇద్దరి మధ్య వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రాస్ దోమ కడుపు గోడలో ఆ క్రిమిని చూశారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని తేల్చారు. అంటే జబ్బు వచ్చేది కాటుతోనే. గురువుగారి నీళ్ల సిద్ధాంతాన్ని శిష్యుడే కొట్టేశాడన్నమాట. మాన్సన్ చిన్నబుచ్చుకోలేదు, ఆ ఫలితాన్ని ఎడిన్‌బరోలో వైద్యుల సభకు తానే ప్రకటించారు.

అయినా అనుమానాలు పోలేదు. మలేరియా ఉన్న ఊళ్లో దోమ కుట్టి జ్వరం వస్తే, అది అక్కడి గాలి వల్ల కాదని ఎలా చెప్పగలరు? మలేరియా లేని లండన్‌లోనే, ఆ జబ్బున్న దేశానికి వెళ్లని మనిషికి దోమ కాటుతో జ్వరం రావాలి. ఆ మనిషిగా ముందుకొచ్చింది ఆయన కొడుకు థర్బర్న్. వయసు 23, మెడిసిన్ చదువుతున్నాడు. పుట్టింది చైనాలోనే అయినా, పసితనం నుంచీ ఇంగ్లండ్‌లోనే ఉన్నాడు.

మీరైతే ఒప్పుకుంటారా? నేనైతే ఒప్పుకోను. ఆ తండ్రి ఒప్పుకున్నాడు. 1900లో రోమ్‌లో, ప్రాణాంతకం కాని రకం మలేరియా ఉన్న రోగుల్ని కుట్టించిన దోమల్ని చిన్న పంజరాల్లో లండన్‌కు తెప్పించారు. కొన్ని దారిలోనే చచ్చిపోయాయి. మిగిలినవాటికి థర్బర్న్ చెయ్యి అందించాడు. సెప్టెంబరులో చలిజ్వరం పట్టుకుంది. రక్తంలో క్రిములు కనిపించాయి. క్వినైన్ ఇస్తే తగ్గింది, కానీ తొమ్మిది నెలల తర్వాత మళ్లీ వచ్చింది. తగ్గిన మలేరియా ఒంట్లో దాక్కుంటుందని ఆ ఇంట్లోనే కళ్లారా చూశారు.

అంతకు ముందు ఏడాదే, 1899లో, మాన్సన్ పట్టుబట్టి సాధించిన ఉష్ణమండల వైద్య కళాశాల లండన్ ఓడరేవు పక్కన మొదలైంది. ఓడ దిగినవాళ్లే అక్కడి రోగులు.

1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే వచ్చింది. ఆయన పేరు పెట్టిన సంస్థను బేగంపేటలో మీరు చూసే ఉంటారు. అదే ఏడాది థర్బర్న్ మరో జబ్బు, బెరిబెరి, కారణం వెతకడానికి క్రిస్మస్ ద్వీపానికి వెళ్లాడు. అక్కడ తుపాకీ ప్రమాదవశాత్తూ పేలి చనిపోయాడు. ఆ తర్వాత ఇంకా 20 ఏళ్లు బతికిన తండ్రి, చాలా కాలం ఆ కళాశాలలో పాఠాలు చెబుతూనే ఉన్నారు.