గుండెకు ఇంధనం చూపిన మహామనీషి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మూడో ప్రయత్నంలో గాని మెట్రిక్ గట్టెక్కని కుర్రవాడు తర్వాతి కాలంలో ప్రపంచ వైద్యశాస్త్రాన్నే ఒక మలుపు తిప్పాడంటే నమ్మడం కష్టమే. కాని అది కట్టుకథ కాదు, చరిత్ర. ఆయనే ఆంధ్రుల ముద్దుబిడ్డ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో లేమి. పదమూడవ యేట, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మద్రాసు హిందూ హైస్కూలులో మెట్రిక్, ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ ముగించి మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించడం దొర ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు కంటగింపయింది. చదువులో లోటు లేకపోయినా చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా.

ఆయన ఇంటిమీద పడిన పిడుగు ఇంకొకటి ఉంది. ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో సంగ్రహణి వ్యాధికి బలైపోయారు. అదే జబ్బు తనకూ వస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స కాపాడింది. జబ్బులకు మూలమేమిటో తేల్చుకోవాలన్న పట్టుదల అక్కడే పుట్టిందనుకోవచ్చు.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు, కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. మూడేళ్ళలో తిరిగొస్తానని భార్య శేషగిరికి మాట ఇచ్చి వెళ్ళారు. అక్కడ పూట గడవడానికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగారు. పగలు హార్వర్డులో చదువు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతికందాక కండరాల గుట్టు బయటపడింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. దొరికాయి. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి అప్పటికప్పుడు కావలసిన శక్తిని ఇచ్చేది ఏ.టి.పి. అది తరిగిపోతుంటే వెంటనే పూడ్చే నిలవ ఫాస్ఫోక్రియాటిన్. గుండెలో ఉండే ఏ.టి.పి. కొద్ది సెకన్లకే సరిపోతుంది, ఎప్పటికప్పుడు తయారు కావలసిందే. రక్తపోటు పెరిగినవారి గుండె ఎదురొత్తిడిమీద పనిచేయాలి గనుక ఈ ఖర్చు ఇంకా ఎక్కువ. ఈ రెంటినీ కలిపే ఎంజైమును రక్తంలో కొలిచి గుండెపోటును గుర్తించడం వైద్యులకు ఎన్నో ఏళ్ళపాటు ఆనవాయితీ అయింది.

ఇంత చేసినా హార్వర్డు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధనలకు అధిపతి అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను పొట్టనపెట్టుకున్న ఆ సంగ్రహణికి అదే మందుగా పనికొచ్చింది! చనిపోయినవారు తిరిగిరారు గదా, కాని ఆ జబ్బుకు ఆయన బదులు తీర్చుకున్నట్టే. 2015లో చైనాలో 20,702 మంది రక్తపోటు రోగులమీద జరిపిన పరీక్షలో, రక్తపోటు మందుతోపాటు ఫోలిక్ ఆమ్లం వాడినవారిలో మొదటిసారి పక్షవాతం రావడం దాదాపు 21 శాతం తగ్గింది. ఆయన పోయిన 67 ఏళ్ళకు తేలిన ప్రయోజనమిది.

ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా పనిచేసే అమినాప్టెరిన్ రక్త క్యాన్సరు పిల్లలకు మొదటి ఆశ చూపింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాలనుంచే వచ్చాయి. ఆరియోమైసిన్ కనుగొన్న ఘనత డగ్గర్‌ది. సహచరుల పేర్లు ముందుంచి తాను వెనక నిలబడటం సుబ్బారావుగారి అలవాటు.

1948 ఆగస్టులో, 53వ యేట, గుండె ఆగి కన్నుమూశారు. గుండె శక్తి రహస్యం చెప్పినవారికే గుండె సహకరించలేదు. నోబెల్ రాలేదు. మూడేళ్ళ గడువు ఇరవై ఆరేళ్ళయినా శేషగిరమ్మగారికి భర్త రాక కలగానే మిగిలింది. ఆయన గొప్పతనాన్ని పొగిడేటప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని మరవడం న్యాయం కాదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

విద్యార్థి మిత్రులారా! మన ఆత్మకూరు ఆసుపత్రిలో గర్భిణీ స్త్రీకి ఇచ్చే ఐరన్ బిళ్ళలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. అది మింగే తల్లికి ఆయన పేరు తెలియదు, తెలియాలని ఆయనా కోరుకోలేదు. ఈ ఏడు సప్లిమెంటరీకి కూర్చునే మిత్రుడు మాత్రం ఆ పేరు తెలుసుకుని తీరాలి. మెట్రిక్ తప్పిన నాడు సుబ్బారావుగారు చదువు వదిలేసి ఉంటే, ఆ బిళ్ళ ఆ తల్లి చేతికి ఎప్పుడు అందేదో ఎవరు చెప్పగలరు?