ఊరికే ఇచ్చి గెలిచిన వ్యాపారి: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

వ్యాపారమంటే పెట్టుబడి కావాలి, పెద్దల అండ కావాలి అన్న మాట మన జిల్లాల్లో బాగా నాటుకుపోయింది. గుంటూరు మిర్చి కొట్లో గుమాస్తాగా ఉన్న కుర్రాడూ, ప్రకాశం పల్లెల్లో దూది ఏకి పరుపులు కుట్టే సోదరుడూ ఇలాగే అనుకొని సొంత పనికి జంకుతున్నారు. అట్టివారి కోసం పంతులుగారి జీవితం నాలుగు మాటల్లో మనవి చేస్తున్నాము.

ఆయన 1867లో కృష్ణా జిల్లా పల్లెటూళ్లో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. చదువుకున్నవాడు సర్కారు కొలువు చూసుకోవాలనే రోజులవి. ఆయన మాత్రం కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో పని నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి చేరి, అక్కడ 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు.

కొత్త మందు, పేరు తెలియని మనిషి. ఎవరు కొంటారు? ఇక్కడే ఆయన బుర్ర అందరికీ భిన్నంగా పనిచేసింది. సంగీత కచేరీలకు వచ్చినవారికి అమృతాంజనం ఊరికే పంచిపెట్టారు. బేరం కుదరకముందే సరుకు ఇస్తే దివాలా తీస్తాడని లోకం అంటుంది. కాని ఆలోచించండి. నుదుటికి రాసుకోవడానికి చిటికెడు చాలు. గుణం ఉందో లేదో రాసుకున్నవాడికి వెంటనే తెలిసిపోతుంది. పక్కవాడికి వాసన తగులుతుంది. కచేరీ అయ్యాక ఆ కబురు ఎవరి ఇంటికి వారే మోసుకుపోతారు.

వచ్చిన లాభాన్ని కూడా ఆయన పెట్టెలో దాచలేదు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు. తెలుగుదేశానికి అంతదూరాన తెలుగు పత్రిక! 1914లో మద్రాసు నుంచి దాన్ని దినపత్రికగా తెచ్చారు. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. తలనొప్పి మందు డబ్బు తెలుగు అక్షరానికి అండ అయిందన్నమాట. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లారు. కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ 1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. 1938లో ఆయన కన్నుమూశారు. జనం ఆయన్ను దేశోద్ధారక అనీ విశ్వదాత అనీ పిలుచుకున్నారు.

మనం నేర్చుకోవలసినదేమిటి? ఊరికే పంచితే చాలుననుకోరాదు. సరుకులో నిజం లేకపోతే ఆ పంపకమే కొంప ముంచుతుంది. బస్తా మూతి దగ్గర మేలురకం కాయ పరిచి, అడుగున తాలుకాయ కూరితే ఆ రైతుకు మరుసటి ఏడు ఏ గతి పడుతుందో మన యార్డులో అందరికీ తెలిసినదే. అలాగే, మన మిర్చి, పత్తి ఎక్కువభాగం బస్తాల్లో, బేళ్లలో పేరు లేకుండానే పోతున్నాయి. ఇంట్లో దంచిన కారానికైనా, చేత్తో కుట్టిన పరుపుకైనా ఒక పేరు పెట్టి, ఆ పేరు చెడకుండా కాపాడుకున్నవాడికే నాలుగు డబ్బులు మిగులుతాయి.

కాబట్టి యువకులారా! ముందు ఒకరి దగ్గర పని నేర్వండి. నిఖార్సయిన సరుకు చేయండి. కొనేవాడికి రుచి చూపించి, ఆ తర్వాతే డబ్బు అడగండి. ఎదిగాక పదిమందికీ పెట్టండి. పంతులుగారు నడిచిన దారి ఇదే.