కంపెనీ పత్రంలో తొలి పేరు: కంబర్లాండ్ ఎర్ల్, ఆయన కుమార్తె

భారత ఉపఖండ చరిత్రను మలుపు తిప్పిన ఈస్టిండియా కంపెనీకి ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ 1600 డిసెంబరు 31న రాజపత్రం మంజూరు చేశారు. అందులో రెండు వందల మందికి పైగా వర్తకుల, నగర ప్రముఖుల పేర్లున్నాయి. ఆ జాబితాలో అన్నింటికన్నా ముందు కనిపించేది వర్తకుడి పేరు కాదు. కంబర్లాండ్ మూడవ ఎర్ల్ జార్జ్ క్లిఫర్డ్ అనే ప్రభువుది. కంపెనీ తొలి యాత్రకు నాయకత్వం వహించిన ఓడ కూడా అంతకుముందు ఆయనదే. సముద్రంపై సంపద కోసం వెదుకుతూ పూర్వీకుల ఆస్తిని అప్పులపాలు చేసిన ఆయన జీవితం ఒక ఎత్తు. ఆ ఆస్తి కోసం ముప్పై ఎనిమిదేళ్లు నిరీక్షించిన ఆయన కుమార్తె ఆన్ క్లిఫర్డ్ కథ మరొక ఎత్తు.

బాల్యం, వివాహం

జార్జ్ క్లిఫర్డ్ 1558 ఆగస్టు 8న ఉత్తర ఇంగ్లండ్‌లోని వెస్ట్‌మోర్లాండ్ ప్రాంతంలో, బ్రూమ్ కోటలో జన్మించారు. తండ్రి కంబర్లాండ్ రెండవ ఎర్ల్ హెన్రీ క్లిఫర్డ్, తల్లి ఆన్ డాక్ర్. స్కాట్లండ్ సరిహద్దుకు చేరువలో ఉన్న ఆ ప్రాంతంలో క్లిఫర్డ్ వంశానికి తరతరాలుగా కోటలు, విస్తారమైన భూములు ఉండేవి. వెస్ట్‌మోర్లాండ్‌లో రాజు తరఫున అధికారం నెరపే షెరీఫ్ పదవి కూడా వారికి వంశపారంపర్యంగా సంక్రమించేది.

1570 ఆరంభంలో తండ్రి మరణించే నాటికి జార్జ్ వయస్సు పదకొండేళ్లు. మైనరు వారసుల సంరక్షణను, వారి వివాహ నిర్ణయాన్ని ఇతర ప్రభువులకు అప్పగించే ఆచారం అప్పటి ఇంగ్లండ్‌లో ఉండేది. ఆ విధంగా జార్జ్ బెడ్‌ఫర్డ్ ఎర్ల్ ఫ్రాన్సిస్ రస్సెల్ సంరక్షణలోకి వెళ్లారు. కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కళాశాలలో చదువుకున్నారు. గణితం, భూగోళ శాస్త్రాల పట్ల అక్కడ ఆయనకు ఏర్పడిన ఆసక్తి జీవితాంతం నిలిచింది.

సంరక్షకుడే మామగారయ్యారు. 1577 జూన్ 24న బెడ్‌ఫర్డ్ ఎర్ల్ కుమార్తె మార్గరెట్ రస్సెల్‌తో జార్జ్ వివాహం లండన్‌లో జరిగింది. వరునికి పద్దెనిమిదేళ్లు, వధువుకు పదహారేళ్లు. పెద్దలు కుదిర్చిన ఈ సంబంధంలో ఇద్దరి స్వభావాలూ భిన్నమైనవి. మార్గరెట్‌కు మతనిష్ఠ, గ్రంథ పఠనం, ఔషధాల తయారీ ఇష్టం. జార్జ్‌కు ఆయుధాలు, పందేలు, రాజాస్థాన వైభవం ఇష్టం. వారికి ముగ్గురు పిల్లలు. 1584లో ఫ్రాన్సిస్, 1585లో రాబర్ట్ జన్మించారు. 1590 జనవరి 30న యార్క్‌షైర్‌లోని స్కిప్టన్ కోటలో ఆన్ జన్మించింది. కుమారులిద్దరూ ఐదేళ్ల ప్రాయంలోనే కన్నుమూశారు. 1591 తర్వాత ఆ దంపతులకు మిగిలిన ఏకైక సంతానం ఆన్.

సముద్రంపై పెట్టుబడి

స్పెయిన్‌తో యుద్ధం సాగుతున్న ఆ కాలంలో శత్రుదేశ ఓడలను దోచుకునేందుకు ప్రైవేటు వ్యక్తులకు ఇంగ్లండ్ ప్రభుత్వం అనుమతి పత్రాలు ఇచ్చేది. ఓడలు, సిబ్బంది, ఆహారం, మందుగుండు ఖర్చంతా పెట్టుబడిదారుడిదే. సరకు చిక్కితే ప్రభుత్వానికి, ఇతర భాగస్వాములకు పోగా మిగిలింది ఆయనకు దక్కుతుంది. చిక్కకపోతే నష్టమంతా ఆయనదే. 1586 నుంచి 1598 వరకు జార్జ్ క్లిఫర్డ్ ఇటువంటి యాత్రలను సుమారు పన్నెండు సమకూర్చారు. కొన్నింటికి స్వయంగా నాయకత్వం వహించారు.

1588లో స్పెయిన్ మహానౌకాదళం ఆర్మడా దండెత్తి వచ్చినప్పుడు ఆయన ఎలిజబెత్ బొనవెంచర్ అనే రాచనౌకకు సారథ్యం వహించారు. మరుసటి ఏడాది అజోర్స్ దీవుల యాత్రలో ఫాయల్ పట్టణాన్ని పట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలులకు ఓడ రోజుల తరబడి తీరం చేరలేకపోయింది. మంచినీరు నిండుకుంది. దాహంతో అనేకమంది నావికులు మరణించారు. చివరకు ఐర్లాండ్ తీరం చేరడంతో మిగిలినవారు బతికి బయటపడ్డారు. ఆ యాత్రలో ఎడ్వర్డ్ రైట్ అనే కేంబ్రిడ్జ్ గణితవేత్త కూడా ఉన్నారు. నావికా పటాల్లోని దోషాలను ప్రత్యక్షంగా చూసిన ఆయన, మెర్కేటర్ పటానికి గణిత ఆధారాన్ని వివరిస్తూ 1599లో గ్రంథం ప్రచురించి జార్జ్‌కు అంకితమిచ్చారు. ధనం మిగల్చని ఆ యాత్రతో ప్రపంచ నౌకాయానానికి మేలు జరిగింది.

1590లో ఎలిజబెత్ రాణి ఆయనను తన ఛాంపియన్‌గా నియమించారు. రాణి సింహాసనం అధిష్ఠించిన రోజు వార్షికోత్సవాన జరిగే అశ్వికుల పోటీల్లో ఆమె పక్షాన బరిలోకి దిగే గౌరవ పదవి అది. టోపీకి రాణి చేతితొడుగు అలంకరించుకున్న ఆయన రూపాన్ని చిత్రకారుడు నికొలస్ హిలియర్డ్ చిత్రించారు. ఆయన ధరించిన కవచం నేడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఈ వైభవానికయ్యే ఖర్చు కూడా ఆయన భూముల నుంచే వచ్చేది.

భారతదేశపు మిరియాలు

1592 ఆగస్టులో భారతదేశం నుంచి లిస్బన్‌కు తిరిగి వెళుతున్న మాద్రే దే దేవుస్ అనే పోర్చుగీసు సరకు నౌకను అజోర్స్ దీవుల వద్ద ఇంగ్లిషు ఓడలు పట్టుకున్నాయి. వాటిలో వాల్టర్ రాలీ ఓడలతోపాటు జార్జ్ ఓడలూ ఉన్నాయి. ఇంగ్లిషువారు అంత పెద్ద ఓడను అప్పటివరకు చూసి ఉండలేదు. మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, రత్నాలు, పట్టు, నూలు వస్త్రాలు అందులో కిక్కిరిసి ఉన్నాయి. డార్ట్‌మత్ రేవు చేరేలోగానే నావికులు, ఒడ్డుకు చేరాక వ్యాపారులు చేతికందినంత దోచుకున్నారు. అయినా మిగిలిన సరకు విలువ లక్ష పౌండ్లు దాటింది. జార్జ్‌కు తన పెట్టుబడికి మించిన వాటా దక్కింది.

ఆ ఓడలో సరకుతోపాటు తూర్పు దేశాల్లో పోర్చుగీసువారి పాలన, వర్తకం వివరాలున్న పత్రాలు కూడా దొరికాయి. భారతదేశపు సంపద ఎంతటిదో లండన్ వర్తకులకు అప్పుడు కళ్లకు కట్టింది. కంపెనీ స్థాపనకు దారితీసిన ప్రేరణల్లో ఇదొకటి.

లాభం నిలవలేదు. 1595లో ఆయన మాలిస్ స్కర్జ్ అనే భారీ యుద్ధనౌకను సొంతంగా నిర్మింపజేశారు. 1598లో దానిపైనే పెద్ద దళంతో వెళ్లి ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌ను, దుర్భేద్యమని పేరొందిన ఎల్ మోరో కోటను స్వాధీనం చేసుకున్నారు. అంతకుముందు ఫ్రాన్సిస్ డ్రేక్‌కు సాధ్యం కాని విజయమది. అయితే రక్తవిరేచనాలు ప్రబలి వందలాది సైనికులు మరణించారు. కొద్ది వారాలకే కోటను వదిలి రావలసి వచ్చింది. తెచ్చిన చక్కెర, అల్లం, ఫిరంగుల విలువ యాత్ర ఖర్చుకు కూడా సరిపోలేదు. భూములు తాకట్టుకు, అమ్మకానికి వెళ్లాయి.

చివరకు ఆ ఓడను ఆయన ఈస్టిండియా కంపెనీకి 3,700 పౌండ్లకు అమ్మారు. రెడ్ డ్రాగన్‌గా పేరు మారిన ఆ ఓడపైనే జేమ్స్ లాంకాస్టర్ 1601లో కంపెనీ తొలి యాత్రకు బయలుదేరారు. 1612లో సూరత్ సమీపంలోని సువాలీ వద్ద పోర్చుగీసు నౌకలతో పోరాడిందీ ఈ ఓడే. ఆ విజయం మొఘలుల వద్ద కంపెనీ పలుకుబడిని పెంచింది. అంతకు ఏడాది ముందే కంపెనీ మరో ఓడ గ్లోబ్ మచిలీపట్నం చేరడంతో తెలుగు తీరంలోనూ ఆంగ్లేయుల వర్తకం మొదలైంది. వీటిలో ఏదీ చూడకుండానే జార్జ్ క్లిఫర్డ్ 1605 అక్టోబరు చివర లండన్‌లో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఏడేళ్లు. ఎన్నో ఏళ్లుగా వేరుగా ఉంటున్న భార్యతో మరణశయ్యపైనే రాజీపడ్డారు.

కుమార్తె పోరాటం

ఆయన వీలునామా కుటుంబాన్ని రెండుగా చీల్చింది. బిరుదుతోపాటు కోటలు, భూములు తమ్ముడు ఫ్రాన్సిస్‌కు, ఆయన మగ సంతతికి చెందాలని అందులో రాశారు. పదిహేనేళ్ల ఆన్‌కు 15,000 పౌండ్లు కేటాయించారు. తమ్ముడి వంశంలో మగ సంతానం లేకపోతేనే ఆస్తి ఆమెకు రావాలి. అయితే ఆ భూములు ఆడ, మగ భేదం లేకుండా సొంత సంతానానికే చెందాలన్న కట్టుబాటు పద్నాలుగో శతాబ్దంలో రెండవ ఎడ్వర్డ్ కాలం నుంచే ఉంది. తల్లి మార్గరెట్ పాత దస్తావేజులన్నీ వెదికించి, ప్రతులు రాయించి వ్యాజ్యం నడిపారు. తండ్రి ఇష్టప్రకారం ఆన్‌కు ఇంగ్లిషు తప్ప మరో భాష నేర్పలేదు. కవి శామ్యూల్ డేనియల్ మాత్రం ఆమెకు గురువుగా ఉండేవారు. చరిత్ర, దస్తావేజుల పట్ల తల్లి కల్పించిన శ్రద్ధ ఆమెకు ఆయుధమైంది.

1609లో ఆన్ డోర్సెట్ ఎర్ల్ రిచర్డ్ శాక్‌విల్‌ను వివాహమాడారు. విలాసాలకు అప్పులు చేసిన భర్తకు భూముల కన్నా రొక్కం అవసరం. హక్కు వదులుకోమని ఆయన ఒత్తిడి చేశారు. ఒక దశలో పసికూతురిని ఆమె నుంచి దూరం చేశారు. 1616 మేలో తల్లి మరణించారు. 1617 జనవరిలో సాక్షాత్తు జేమ్స్ రాజు ఆమెను పిలిపించి, తన తీర్పుకు తలవంచమన్నారు. చుట్టూ ఉన్న పురుషులంతా అంగీకరించారు. ఇరవై ఆరేళ్ల ఆన్ ఒక్కరే నిరాకరించారు. రాజు ఆస్తిని ఫ్రాన్సిస్‌కే ఖరారు చేసి, పరిహారంగా ఆమె భర్తకు 17,000 పౌండ్లు ఇప్పించారు. ఆన్ సంతకం చేయలేదు.

ఆ తర్వాత ఆమెకు మిగిలింది నిరీక్షణే. 1624లో భర్త మరణించారు. 1630లో పెంబ్రోక్ ఎర్ల్ ఫిలిప్ హెర్బర్ట్‌తో చేసుకున్న రెండో వివాహమూ సుఖాన్నివ్వలేదు. 1641లో బాబాయి, 1643లో ఆయన కుమారుడు హెన్రీ మరణించారు. హెన్రీకి మగ సంతానం లేదు. ఏ మగ సంతతి కోసం తండ్రి కుమార్తెను పక్కన పెట్టారో అది అంతటితో ముగిసింది. యాభై మూడేళ్ల వయసులో ఆన్ వారసురాలయ్యారు.

ఇంగ్లండ్ అప్పుడు అంతర్యుద్ధంలో ఉంది. 1649లో ఆమె ఉత్తరాదికి చేరేసరికి స్కిప్టన్ కోట గోడలు కూల్చివేతకు గురయ్యాయి, మిగిలిన కోటలు శిథిలమై ఉన్నాయి. స్కిప్టన్, యాపిల్‌బీ, బ్రూమ్, బ్రఫ్, పెండ్రాగన్ కోటలను ఆమె ఒక్కొక్కటిగా పునరుద్ధరించారు. చర్చిలను బాగు చేయించారు. యాపిల్‌బీలో నిరాధార స్త్రీలకు ఆశ్రయ గృహం కట్టించారు. షెరీఫ్ పదవిని స్వయంగా నిర్వహించారు. తల్లిని చివరిసారి చూసి వీడ్కోలు పలికిన దారిపక్క 1656లో ఒక స్తంభం నిలిపారు. ఏటా ఏప్రిల్ 2న అక్కడ పేదలకు నాలుగు పౌండ్లు పంచాలని ఏర్పాటు చేశారు. ఆ స్తంభం నేటికీ ఉంది.

1676 మార్చి 22న ఎనభై ఆరేళ్ల వయసులో ఆన్ క్లిఫర్డ్ బ్రూమ్ కోటలో కన్నుమూశారు. ఆమె తండ్రి పుట్టినదీ, తల్లి మరణించినదీ ఆ కోటలోనే. తండ్రి స్కిప్టన్‌లో పూర్వీకుల పక్కన సమాధి అయ్యారు. ఆన్ మాత్రం యాపిల్‌బీ చర్చిలో తల్లికి చేరువలో తన సమాధిని ముందే సిద్ధం చేయించుకున్నారు. జార్జ్ క్లిఫర్డ్ ఓడల్లో ఏదీ మిగలలేదు. రెడ్ డ్రాగన్ 1619లో డచ్చివారి చేతుల్లో నాశనమైంది. ఆయన వీలునామా దాదాపు కాదన్న కుమార్తె వల్లే ఆ వంశం కోటలు నిలిచాయి. ఆ వంశం కథ మనకు ఇంత వివరంగా తెలియడానికి కూడా ఆమె రాయించిన గ్రంథాలు, దినచర్య పుస్తకాలే ఆధారం.